వేగపు చలానును చట్టముతో సరిచూచుట

ఉస్మాన్‌గంజ్ టోకుబజారునందు పప్పుబస్తాలు నింపుకొని యొక ట్రాలీ ఆటో బయలుదేరిన దనుకొందము. నడుపువాఁడు మన విద్యార్థి యొకని తండ్రి. నాలుగుదినముల పిమ్మట ఆయన ఫోనునకు చలాను వచ్చినది: వేగము గంటకు 47 కిలోమీటర్లు, జరిమానా వేయి రూపాయలు. దినదినపు కిరాయిపై సంసారము నడుచు నింటికి ఇది స్వల్పమగు సొమ్ము కాదు. "కట్టివేయుఁడు, కోర్టుగొడవ మన కెందుకు?" అని ఇరుగుపొరుగువా రందురు. కట్టుటకు ముందు చదువవలసినది కొంత కలదు.

వేగమునకు మేర 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 112వ సెక్షనునం దున్నది. ప్రజలక్షేమమునకై ఒక ప్రదేశమున వేగమును తగ్గింపఁదలఁచిన రాష్ట్రప్రభుత్వము గెజెటునందు ప్రకటింపవలయును. తగిన బోర్డులను నాటింపవలయును. నెల మించని తాత్కాలికపు నిర్బంధమునకు మాత్రము గెజెటు ప్రకటన యక్కఱలేదు. హైదరాబాదు మహానగరమునకు ఈ క్రింది మేరలు ప్రకటింపఁబడెను. డివైడరుగల రోడ్డుపై కార్లకు 60, ఇతర వాహనములకు 50. డివైడరు లేనిచోఁ గ్రమముగా 50, 40. కాలనీవీధులలో అన్నిటికిని 30.

ఇప్పుడు 47 అను సంఖ్యను మరల చూడుఁడు. రోడ్డు నడుమ డివైడ రున్నచో ట్రాలీవాఁడు నేరము చేయలేదు, లేనిచోఁ జేసినాఁడు. కావున మొదట చేయవలసినది వాదము కాదు, ఆ చోటికి కాలినడకను పోయి చూచుట. చలానులోని స్థలము, గడియ, ఛాయాచిత్రమునందలి నంబరుపలక, దారిలో బోర్డు గలదో లేదో వ్రాసికొనవలయును. ఘటన జరిగిననాఁడు అమలులో నున్న మేర యేదియో కూడ విచారింపవలయును, ఏలయన మేరలు మాఱుచుండును.

సాక్ష్యమును గూర్చి 183వ సెక్షనులో నొక చక్కని నిబంధన కలదు. బండి అతివేగముగాఁ బోయినట్లు తనకుఁ దోఁచినదని ఒక్క సాక్షి చెప్పినంతమాత్రమున ఎవ్వరికిని శిక్ష వేయరాదు. ఆ యభిప్రాయమునకు యంత్రపు కొలత యాధారముగా నుండవలయును. ఇట్టి నియమము 1939 నాటి పాతచట్టమునందును గలదు. లేసరు తుపాకి వంటి సాధనము కాంతిని బండిమీఁదికిఁ బంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి దూరమును, ఆ దూరము మాఱుటనుబట్టి వేగమును లెక్కించును. అట్టి సాధనములకు ఆమోదపత్ర ముండవలయుననియు, అవి యున్నచోటికి ముందే హెచ్చరికబోర్డు పెట్టవలయుననియు 2021 ఆగస్టులో కేంద్రనియమములందుఁ జేర్చఁబడిన 167-ఏ నియమము విధించెను.

లోప మగపడినచోఁ బోలీసుశాఖకు అర్జీ వ్రాయవచ్చును; మేజిస్ట్రేటు నెదుట వాదింపవచ్చును. 200వ సెక్షను ప్రకారము సొమ్ము చెల్లించి రాజీపడినచో వ్యవహార మక్కడితో ముగియును. 2022 మార్చిలో ద్విచక్రవాహనముల బకాయిలకు నాలుగవవంతు కట్టినఁ జాలునని రాయితీ యిచ్చిరి. అది మరల వచ్చునని చలానులను చదువకయే దాఁచుకొనుట మన నగరపు దురలవాటు.

డివైడరు లేదని తేలినచో, తండ్రి తప్పు నొప్పుకొని కట్టవలసినదే. గంటకు 47 అనఁగా సెకనుకు 13 మీటర్లు. కాలు బ్రేకును చేరుటకు ఒక్క సెకను పట్టినను బండి యంతదూరము పోవును. గంజులోని హమాలీ బస్తా మోయుచు అంతలో ప్రక్కకుఁ దొలఁగఁజాలఁడు.

అయినను ఒక ప్రశ్న మిగులును. ఆ దినము ఆయన త్వరపడుటకుఁ గారణ మేమి? ఫలానా గడియకు సరకు చేర్పవలయునని యజమాని యాజ్ఞాపించి, వేగపు మేరను మీఱక ఆ గడియకుఁ జేరుట సాధ్యము కాదని న్యాయస్థానమునకుఁ దోఁచినచో, ఆ యాజ్ఞయే యజమాని నేరమునకు ప్రథమదృష్టి సాక్ష్య మగునని అదే 183వ సెక్షను చెప్పుచున్నది. బజారులో ఈ వాక్యమును చదివినవారు బహు తక్కువ.