చిన్నాన్న ఎవరు? మామయ్య ఎవరు?

పిల్లలూ! ఒక వేసవి సెలవుల్లో మేము సంచౌంగ్ నుండి కారులో పెగూ మీదుగా మౌల్మేన్ లోని బంధువుల ఇంటికి వెళ్ళాము. పూర్వం మొత్తమ రేవులో పడవ ఎక్కి సాల్విన్ నది దాటేవారు. 2005లో వంతెన తెరిచాక ఆ అవసరం లేకుండా పోయింది.

గుమ్మంలో మా పిల్లల నాన్న తమ్ముడు, అమ్మ తమ్ముడు ఎదురొచ్చారు. పిల్లలు ఇద్దరినీ బర్మా మాటలో "ఊలే" అన్నారు. నాయనమ్మ చిన్నబోయింది. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఇలా చెప్పింది:

"నాన్న తమ్ముడు చిన్నాన్న. ఆయన పిల్లలు మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అమ్మ తమ్ముడు మేనమామ. ఆయన పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు."

తిరుగు ప్రయాణంలో మా పిల్లలు "చిన్నాన్నా, వెళ్ళొస్తాం! మామయ్యా, వెళ్ళొస్తాం!" అన్నారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది.

అభ్యాసం: మీ పెద్దలను అడిగి పది వరసలు రాయండి.