అల్లికకు నూలు కొనునపుడు

పంచాయతీ సభ్యులలో అనేకులు వ్యవసాయదారులు. విత్తనము కొనునపుడు గుప్పెడు గింజలు మొలకకట్టి చూచిన పిదపనే బస్తాకు బేరమాడుదురు. నూలు కొనునపుడు మాత్రము ధరయొక్కటే చూచుట కలదు. మేమును అట్లే చేసితిమి.

దివిసీమలోని ఒక గ్రామమున స్వయం సహాయక సంఘపు స్త్రీలు కొక్కెపు సూదితో పిల్లల చొక్కాలు అల్లుటకు పూనుకొనిరి. నరసాపురము వైపున పందొమ్మిదవ శతాబ్దమునుండి లేసు అల్లిక వేలాది స్త్రీలకు పని కల్పించుచున్నది గదా, మన వైపున ఏల సాగదని వారి ఉత్సాహము. నూలు తెచ్చు భారము మాపై పడెను. మచిలీపట్నము చెంతనున్న పెడన నేతకు పేరుబడినది. అచట మగ్గముల నూలు చవుకగా దొరకగా తెచ్చి ఇచ్చితిమి.

ఆ నూలులో దోషము లేదు. అది మగ్గమునకు మంచి నూలు. అది ఒంటిపేట నూలు. పడుగునకు గంజి పట్టించి బిగువుగా సాగదీయుదురు గనుక మగ్గముపై నిలుచును. కొక్కెపు సూది ప్రతి కుట్టునకును దారమును మెలిపెట్టుచు లాగును. ఒంటిపేటకు పురి విడిపోయి సగము పోగులే సూదికి చిక్కును; లేదా పురి హెచ్చి ముడులు పడును. స్త్రీలు ఈ సంగతి మొదటి వారముననే చెప్పిరి. చేయి తిరుగనందున అనుకొంటిమి. అది మా తప్పు.

రెండు నెలలలో చొక్కాలు సిద్ధమాయెను. గుడివాడలోని ఒక దుకాణమువారు ఒకదానిని ఉతికి చూచిరి. ప్రక్కలు ఏటవాలుగా తిరిగెను, ఛాతి కుంచించుకొనిపోయెను, ఎరుపు తెలుపులోనికి దిగెను. సరుకంతయు తిరిగివచ్చెను. బ్యాంకు వాయిదా మాత్రము ఆగలేదు.

నూలు చీటిపై 40 అని యున్నచో, 840 గజముల చిలపలు 40 కలిసి ఒక పౌను తూగునని అర్థము. అంకె పెరిగినకొలది నూలు సన్నబడును. 2/40 అనగా అట్టి పోగులు రెండు కలిపి పురిపెట్టినది. అల్లికకు ఇట్లు పేటలు కలిపి గట్టిగా పురిపెట్టిన నూలే కావలెను. చవుకయని అక్రిలిక్ నూలు కొనువారును కలరు. అది అంతగా కుంచించుకొనదు; కాని చెమట పీల్చదు, వేడి ఇస్త్రీ తగిలిన కరగును. సంచులకు పనికివచ్చును. మన సముద్రతీరపు వేసవిలో పసిబిడ్డకు తొడుగదగినది కాదు.

మరల నూలు కొనుటకు ముందు ఒక్క చిలప తెచ్చి, 5 అంగుళముల చదరము అల్లించితిమి. తడిపి తెల్లగుడ్డపై ఒత్తి రంగు చూచితిమి. ఉతికి ఆరబెట్టి మరల కొలిచితిమి. నాలుగున్నర అంగుళములు వచ్చినచో పదవవంతు తగ్గినట్లు. 36 అంగుళముల చొక్కా కావలెనన్న 40 అంగుళములకు అల్లవలెను. తరువాత ఒక రాత్రి వ్రేలాడగట్టితిమి. లావు నూలు తన బరువునకే సాగును.

దీనికి పట్టినది మూడు దినములు. మిగిలిన పాత నూలును పెడనలో ఒక నేత కుటుంబము సగము ధరకు తీసికొని పేకకు వాడుకొనెను.