జొన్న నాము – గొర్రె కణజాలాలపై దాని ప్రభావం

పల్నాడులోని మాచర్ల, గురజాల ప్రాంతాలలో జొన్న కోసిన చేలలోకి గొర్రెల మందలను మేతకు తోలడం పరిపాటి. కొయ్యకాళ్ల నుండి చిగురించే లేత పిలకలనే రైతులు ‘నాము’ అంటారు. ఆకలిగొన్న మంద వీటిపై పడినపుడు కొద్ది నిమిషాలలోనే గొర్రెలు ఆయాసపడి, వణికి, కూలిపోవచ్చును.

ఈ విషం మొక్కలో సిద్ధంగా ఉండదు. జొన్న ఆకు బాహ్యచర్మ కణాలలో ధురిన్ అనే గ్లూకోసైడు ఉండగా, దానిని విడగొట్టే ఎంజైము లోపలి పత్రాంతర కణాలలో ఉంటుంది. నమిలినపుడు ఈ రెండూ కలియుట వలన హైడ్రోసయనిక్ ఆమ్లం వెలువడుతుంది. బెట్టకు గురైన పైరులోను, నత్రజని అధికంగా వేసిన పైరులోను ధురిన్ ఎక్కువ. పంది వంటి ఏకామాశయ జీవులలో ఆమాశయపు ఆమ్లం ఆ ఎంజైమును అణచివేస్తుంది. నెమరువేయు జీవుల పెద్ద పొట్టలో అటువంటి ఆమ్లత లేకపోగా, అక్కడి సూక్ష్మజీవులు విష విడుదలను మరింత వేగిరపరుస్తాయి.

పెద్ద పొట్ట గోడలో నాలుగు మూల కణజాలాలూ కనిపిస్తాయి. లోపలి పొర ఉపకళా కణజాలం. దాని అంకురికలు శోషణ వైశాల్యాన్ని పెంచుతాయి. దాని అడుగున రక్తకేశనాళికలతో కూడిన సంయోజక కణజాలం ఉంటుంది. వెలుపలి నునుపు కండరం మేతను చిలుకుతుంది. ఆ చలనాలను వేగస్ నాడి నియంత్రిస్తుంది. మేలు చేయవలసిన ఈ ఏర్పాటే ఇక్కడ విషాన్ని త్వరగా రక్తంలోకి చేరుస్తుంది. శరీర బరువు కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల ఆమ్లం ప్రాణాంతకం.

విద్యార్థులు తరచుగా పొరబడే అంశం ఇక్కడే ఉన్నది. జీవి మరణించేది రక్తంలో ప్రాణవాయువు లేక కాదు. సయనైడు కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఎంజైము యొక్క ఇనుముతో బంధం ఏర్పరచుకొంటుంది. ఆపై కణం తనకు అందిన ప్రాణవాయువును వాడుకోలేదు. వాడుక కాని ప్రాణవాయువుతో సిరల రక్తం కూడా ధమనుల రక్తం వలె ఎర్రగా మెరుస్తుంది. శక్తి నిల్వలు అతి స్వల్పమైన నాడీ కణజాలం, హృదయ కండరం ముందుగా దెబ్బతింటాయి.

కాలేయంలోని రోడనీస్ ఎంజైము గంధకాన్ని చేర్చి సయనైడును థయోసయనేటుగా మార్చగా, మూత్రపిండాలు దానిని విసర్జిస్తాయి. అయితే గంధకం సరఫరా పరిమితం. పశువైద్యులు సిరలోకి ఎక్కించే సోడియం థయోసల్ఫేటు ఆ లోటునే తీరుస్తుంది. దానితోపాటు ఇచ్చే సోడియం నైట్రైటు కొంత హీమోగ్లోబిన్‌ను మెథీమోగ్లోబిన్‌గా మార్చి, సయనైడును ఎంజైము నుండి దానివైపు లాగుతుంది. ఈ స్థితిని కేవలం పొట్ట ఉబ్బరమని భావించి నూనె పట్టిస్తూ కూర్చుంటే చికిత్సకు వ్యవధి మిగలదు.

విస్తరణ శాస్త్రవేత్తలు మేతకు ముందే చేను పరీక్షించడం సులభం. నలిపిన ఆకులను, కొన్ని క్లోరోఫారం చుక్కలను పరీక్షనాళికలో వేసి, సోడియం పిక్రేటులో తడిపిన పసుపు కాగితాన్ని ఆకులకు తగలకుండా వ్రేలాడదీసి బిరడా బిగించాలి. కాగితం ఇటుక ఎరుపుకు మారితే ఆ పిలకలను మేపరాదు. కోసి, బాగుగా ఎండిన పిమ్మట మాత్రమే వేయవలెను.