కూపే మీద మనసుపడ్డ మేనల్లుడికి

ద్రాక్షారామం.



వాట్సాప్‌లో నువ్వు పెట్టిన మూడు కార్ల ఫొటోలూ చూశాను. మీ అత్త కూడా చూసింది. "ఎర్రది కళగా ఉంది గానీ ఇందులో మనుషులెక్కడ కూర్చుంటారండీ?" అంది. అది కూపే, రెండే తలుపులు, ముందు ఇద్దరు కూర్చుంటే చాలు అని చెప్పాను. "అయితే మోటారుసైకిలే కదా, ఉన్నది చాలదా?" అంది. దానికి నాకు జవాబు తట్టలేదు.

నిన్ను వద్దనడానికి రాయడం లేదు. ఇంటిల్లిపాదీ ఎక్కే కారు ఒకటుంది, ఇంటి లోను తీరింది. మా షెడ్డులో స్పానర్లు అందిస్తూ పెరిగినవాడివి, బండి తప్ప నీకు వేరే సరదా లేదు. ఇప్పుడొక అందమైన కారు మీద మనసుపడితే తప్పేముంది? ఫోన్లో చెబుదామంటే మధ్యలో టర్బో అనీ టార్కు అనీ మొదలెట్టి నా మాట సాగనివ్వవు. అందుకే కాయితం మీద పెడుతున్నాను.

బైకు మనిషికి పాత బండి కొనేటప్పుడు ఒక ధీమా ఉంటుంది. ఏదైనా ఉంటే విప్పి చూసుకుందాంలే అని. ఆర్ఎక్స్ 100 దగ్గర ఆ ధీమా చెల్లుతుంది. 1996లో తయారీ ఆగిపోయిన బండి ఇవాళ్టికీ మన రామచంద్రపురం రోడ్డు మీద తిరుగుతోందంటే, దాంట్లో రోగం దాచడానికి చోటు లేకే. ఇంజను ఎదురుగా కనిపిస్తుంది. రింగులు అరిగితే పొగ వస్తుంది, చైను సాగితే చప్పుడు చేస్తుంది. కూపే అందమంతా ముయ్యడంలోనే ఉంది. బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత, అది తీస్తే ఇంకో మూత. గేరుబాక్సులో కంప్యూటరు చెడితే నీ స్పానరు సెట్టు దేనికీ పనికిరాదు. కాబట్టి నీ చేతిపనిని నమ్ముకుని కొనకు. సర్వీసు బిల్లుల్నీ, కాయితాల్నీ, కొన్నాక బ్యాంకులో మిగిలే డబ్బునీ నమ్ముకుని కొను. మిగతా ఉత్తరమంతా ఈ ఒక్క మాట కోసమే.

మూడింటిలో మస్టాంగ్‌ని ముందు పక్కన పెట్టు. 2016లో ఫోర్డ్ వాళ్లు మన దేశానికి తెచ్చారు. అయిదు లీటర్ల వీ8 ఇంజను, దాదాపు 400 గుర్రాల బలం, ధర 65 లక్షల దాకా. 2021 సెప్టెంబరులో ఆ కంపెనీ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. పైగా మొత్తంగా బయటినుంచి వచ్చిన కారు, ఒక దీపం పగిలినా ఎదురుచూపులే. అదీ కాక దాని బరువు 1.7 టన్నులు. నీ కాంటినెంటల్ జీటీ బైకు రెండు వందల కిలోల పైచిలుకు. మలుపులో బండిని వాల్చి తీసుకోవడంలో ఉన్న రుచి మరిగినవాడికి బరువు కంటే తేలికే సుఖం. తిన్నటి రోడ్డు మీద రంకెలేసే కారు నీకు ఆర్నెల్లకే మొహం మొత్తుతుంది.

ఇక మిగిలినవి రెండు ఆడి టీటీలు. ఆ టీటీ అన్నది మోటారుసైకిల్ పందెం పేరు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1907లో మొదలైన టూరిస్ట్ ట్రోఫీ. అక్కడ బైకులతో గెలిచిన జర్మనీ కంపెనీ ఎన్ఎస్‌యూ 1969లో ఆడితో కలిసిపోయింది. 2012లో డుకాటిని కొన్నదీ ఆడియే. ఇవి చెబితే నువ్వు ఇంకా ఎగురుతావని తెలుసు, అయినా ఉండబట్టలేదు.

ఎర్ర కారు నంబరు ప్లేటు చూశావా? పీవై 04. అంటే మన యానాం! ఇక్కణ్ణుంచి గంట కూడా పట్టని ఊరు. యానాం పుదుచ్చేరిలో భాగం కదా, అక్కడ రోడ్డు ట్యాక్సు తక్కువని ఖరీదైన కార్లని అక్కడి అడ్రసు మీద రిజిస్టర్ చేయించి వేరే రాష్ట్రాల్లో తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 2017లో కేరళలో పేరున్న సినిమావాళ్ల మీదే దీనికి కేసులయ్యాయి. ఈ ఎర్ర కారు యానాం రోడ్డు ఎప్పుడైనా తొక్కిందో లేదో భీమేశ్వరుడికే తెలియాలి. వేరే రాష్ట్రపు బండి పన్నెండు నెలలకి మించి ఒక చోట ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. దానికి ముందు అక్కడి ఆఫీసు నుంచి ఎన్ఓసీ తేవాలి, మీ తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. అమ్మేవాడు చెప్పిన ధరలో ఇవేవీ ఉండవు.

పైగా అది 2010 మోడలు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ నిండిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన లెక్కలో మామూలు కారు రెన్యువల్‌కి 5 వేలు అయితే, దిగుమతి కారుకి 40 వేలు. ఆ కాలం నాటి రెండు లీటర్ల టర్బో ఇంజన్లు ఇంజనాయిలు తాగుతాయనీ, టైమింగ్ చైను బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు చెడితే చైను జారి వాల్వులు వంగిపోతాయనీ కార్ల మెకానిక్కులందరికీ తెలిసిందే. మీ అత్తకి నచ్చినా సరే, ఎర్రది వదిలెయ్.

తెల్లది 2016 మోడలు, తెలంగాణ నంబరు. కొత్తలో 60 లక్షలకు పైన పలికిన కారుని మూడో వంతుకి ఇస్తానంటున్నాడు అన్నావు. ఆ మూడో వంతు పెట్టాక కూడా విడిభాగాల ధర 60 లక్షల కారుదే. అది బుర్రలో పెట్టుకుని వెళ్లు.

నువ్వు వెళ్లేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఓనరుకి ముందే చెప్పు. వెళ్లగానే మాటలు పెట్టకుండా బానెట్ మీద చెయ్యి వెయ్యి. వెచ్చగా తగిలితే రేపు పొద్దున వస్తానని లేచి వచ్చెయ్. చల్లటి ఇంజను స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లలోనే దాని వయసు తెలుస్తుంది, నీ చెవికి నేను చెప్పక్కర్లేదు. గేరుబాక్సు రెండు క్లచ్చుల ఆటోమేటిక్. 60 వేల కిలోమీటర్లకి ఒకసారి దాని ఆయిలు మార్చాలి. మార్చిన బిల్లు చూపించమను, లేకపోతే ధర అక్కడే దిగాలి. అవుటర్ రింగు రోడ్డు మీద వంద దాటించి మురిసిపోవడం కాదు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో మనిషి నడిచే వేగంతో పోనివ్వు. ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు కుదుపు ఉంటే ఆ రిపేరు లక్షల్లో ఉంటుంది.

నీళ్ల సంగతి మాత్రం నేను చెప్పినట్టే చూడు. 1986 ఆగస్టులో గోదావరి వరదలో మునిగిన బండ్లు ఆ తర్వాత నెలల తరబడి మా షెడ్డుకి వస్తూనే ఉండేవి. కడిగి, పాలిష్ పెట్టి తెచ్చి, కరెంటు పని చెయ్యడం లేదనేవారు. హెడ్‌లైటు డూము విప్పితే వైర్ల మధ్య నుంచి ఒండ్రుమట్టి సన్నగా పొడిలా రాలేది. కారుకైనా అదే పరీక్ష. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు ఈ తెల్లకారు అక్కడే ఉంది. డ్రైవరు సీటు బెల్టుని ఇంక రానంతవరకూ బయటికి లాగు. అంతదూరం ఎవరూ కడగరు. చివరి మూరలో మట్టిచార కనిపించినా, మిగతా బెల్టుకీ దానికీ రంగు తేడా ఉన్నా ఆ కారు మునిగిందే. డిక్కీలో మ్యాటు ఎత్తి అడుగు గుంటలో వేలితో తుడువు. సీటు పట్టాల బోల్టులకి తుప్పు ఉందేమో టార్చి వేసి చూడు. తలుపు రబ్బరు పీకి లోపలి వెల్డింగు చుక్కలు ఒకే ఎడంలో ఉన్నాయా లేదా చూడు. లేకపోతే గట్టి దెబ్బ తగిలిన బండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. పాత టైర్లయితే ఆ నాలుగింటి ఖర్చు కూడా నీదే.

కాయితాల్లో ఫారం 29, 30 మీద సంతకాలు, బ్యాంకు లోను ఉండి ఉంటే తీరినట్టు ఫారం 35. చలాన్లూ, ఎన్నో ఓనరు అన్నదీ పరివాహన్ వెబ్‌సైటులో చూసుకో. బీమా నీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లో అర్జీ పెట్టు.

జాన్ సర్టీస్ అని ఒకాయన ఉండేవాడు. 500 సీసీ బైకుల మీద నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్. 1964లో ఫెరారీ కారులో ఫార్ములా వన్ కూడా గెలిచాడు. రెండూ గెలిచినవాడు ఇప్పటికీ అతనొక్కడే. ఎందుకు చెబుతున్నానంటే, బైకు మీద నేర్చిన చూపు కారులో పనికొస్తుంది. దూరంగా చూడటం, మలుపుకి ముందే వేగం తగ్గించడం, అవతలివాడు ఏం చెయ్యబోతాడో పసిగట్టడం. కానీ సందు కనిపిస్తే దూరిపోయే అలవాటు ఒకటుంది నీకు, అది ఇంటి దగ్గరే వదిలి బయల్దేరు. కూపేకి వెనక అద్దం చిన్నది, పక్కన ఏముందో సరిగ్గా కనపడదు. తలుపులు పొడుగు కాబట్టి మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పక్క కారు ఆనుకుని ఉంటే నువ్వు దిగలేవు. వెళ్లి ఒకసారి కొలుచుకో.

కొన్నాక మొదటిసారి ఊరికి తెచ్చి గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కిస్తానన్నావు. సరే, గానీ కార్తీక మాసంలో రాకు, పంచారామాల బస్సులతో దారంతా కిక్కిరిసిపోతుంది. మాసూళ్లప్పుడూ రాకు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. ఆ కారు అడుగుకీ నేలకీ మధ్య ఎడం జానలో సగానికి కాస్త ఎక్కువ. రూలు ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్లలో మట్టి పోసి పైన తారు రాసినవాళ్లు ఆ రూలు చదవలేదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కించి ముక్తేశ్వరం పోదామని ఆశపడకు, పలక ఎక్కేచోట ముందు బంపరు గీసుకుంటుంది. అమలాపురం వెళ్లాలంటే యానాం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కు. మీ అమ్మని మాత్రం అందులో కూర్చోబెట్టకు. అంత కింద ఉన్న సీట్లోంచి మా చెల్లాయి మోకాళ్లతో లేవలేదు. ఆవిడకి ఇంట్లో ఉన్న కారే మేలు.

ఈమధ్య కర్వ్, బసాల్ట్ అనే కార్లని వెనక వాలుగా కోసి వాటినీ కూపే అంటున్నారు. నాలుగు తలుపులున్నదాన్ని నేను కూపే అనను. కొంటే అసలుదే కొను, లేదా మానెయ్.

డబ్బు సంగతి. కారు ధరలో అయిదో వంతు విడిగా తీసి పెట్టు, మొదటి రెండేళ్లూ దాన్ని కారు మీదే ఖర్చు పెట్టు. ఆ డబ్బు కోసం జీటీని అమ్మాల్సొస్తే కారే వద్దు. బైకు అమ్మి కారు కొన్నవాడు ఏడాది తిరక్కుండా మళ్లీ బైకు కోసం మా షెడ్డు చుట్టూ తిరగడం చాలామందిలో చూశాను.

ఆదివారం పొద్దున్నే ఏడింటికి ఆ తెల్లకారు దగ్గరికి వెళ్లి, స్టార్ట్ చేసేటప్పటి వీడియో, సీటుబెల్టు చివర ఫొటో, గేరాయిలు బిల్లు నాకు పంపు. అవి నేను చూసేదాకా రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య