మామిడి పండ్ల ప్రకటన ఎవరికి చూపవలెను?

కోసిన మామిడి రైతు కొరకు ఆగదు. కొద్ది దినములలోనే పక్వమునకు వచ్చి, అటుపై త్వరగా చెడిపోవును. ఆ గడువులో కొనువారు దొరకనిచో మార్కెట్టు యార్డులో పలికిన ధరకే ఇచ్చివేయవలసి వచ్చును. ఇందువలన కొందరు రైతులు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటన వేసి, పట్టణములలోని కుటుంబములకు పెట్టెల లెక్కన నేరుగా అమ్ముచున్నారు. ఇది మంచి పద్ధతియే. కాని ప్రకటన ఎవరికి కనిపించవలెనో సరిగా నిర్ణయించనిచో పండు మిగులును, సొమ్ము పోవును.

ఆసక్తి యనగా నేమి?

ఈ రెండింటిని నడుపు మెటా కంపెనీ, ప్రకటనలు వేయువారికి యాడ్స్ మేనేజర్ అను సాఫ్ట్‌వేరు నిచ్చుచున్నది. ప్రజలు ఏ పేజీలు చూచిరి, ఏ ప్రకటనలను నొక్కిరి మొదలగు వానిని బట్టి, వారికి వంట, తోటపని వంటి "ఆసక్తులు" ఉన్నట్లు అది లెక్క కట్టును. మీరు ఒక ఆసక్తి పేరు వ్రాసినచో దానికి దగ్గరి పేర్లను సూచించును. సుమారు ఎంతమందికి ప్రకటన చేరగలదో చూపును. ఇట్టి పేర్లను మరిన్ని వెదకి యిచ్చు ఇతర సాఫ్ట్‌వేర్లు కూడ కలవు. అవి ఇచ్చునది పేర్ల పట్టికయే గాని కొనువారి పట్టిక కాదు.

వరిమడిలో ఊద గడ్డి మొదట వరివలెనే కనిపించును. ఆసక్తుల పేర్లును అట్టివే. ఇంగ్లీషులో "మాంగో" యనిన పండు మాత్రమే కాదు. 1984లో బార్సిలోనాలో ఆరంభమైన దుస్తుల కంపెనీ పేరును అదియే. "మామిడి సాగు" వంటి పేరు ఎంచుకొన్నచో అందులో చేరువారు మీవంటి రైతులే కావచ్చును. వారికి పండ్లు అమ్ముట ఎట్లు? కనుక పేరు చూచి మోసపోక, ఆ ఆసక్తి గలవారు ఎవరై యుందురో ముందుగా ఆలోచించుడు.

ముందు ప్రాంతము, తరువాత ఆసక్తి

మీ బండి గాని, పార్సెలు గాని రెండు దినములలో చేరగల ఊళ్లనే ఎంచుకొనుడు. పటముపై ఒక చోట గుర్తు పెట్టి, దాని చుట్టు ఇన్ని కిలోమీటర్లని నిర్ణయించు వీలు కలదు. అడ్వాంటేజ్ ప్లస్ అను పద్ధతిలో మీరిచ్చిన ఆసక్తులను యంత్రము సూచనలుగా మాత్రమే గ్రహించి, ఇతరులకు కూడ ప్రకటన చూపగలదు. ప్రాంతమును మాత్రము మీరు కట్టడి చేయవచ్చును. కావున అదియే పొలము గట్టు వంటిది.

ఒకే గడిలో పండ్లు, వంట అని రెండు ఆసక్తులు చేర్చినచో, ఏ ఒక్కటి యున్నవారైనను లెక్కలోనికి వత్తురు, సంఖ్య పెరుగును. రెండును ఉన్నవారే కావలెనన్నచో రెండవ పేరును అదే గడిలో గాక, వేరొక షరతుగా చేర్చవలెను. అప్పుడు సంఖ్య తగ్గును. ఈ భేదము తెలియక సొమ్ము పోగొట్టుకొనువారు పలువురు.

చిన్నమడిలో పరీక్ష

కొత్త వంగడమును పొలమంతయు వేయక, మొదట ఒక మడిలో వేసి చూతుము. ఇచటను అట్లే చేయుడు. ఒకే ఫొటో, ఒకే ధర, అవే దినములు ఉంచి, ఆసక్తి మాత్రము మార్చి రెండు ప్రకటనలు వేయుడు. నొక్కినవారు మీకు వాట్సాప్‌లో వ్రాయునట్లు ఏర్పాటు చేసికొనుడు. ఏ ప్రకటన చూచి వచ్చితిరో అడిగి, పుస్తకములో వ్రాసి యుంచుడు.

ఉదాహరణకు, పన్నుతో సహా ఒక్కొక్క ప్రకటనకు 1000 రూపాయలు ఖర్చయిన దనుకొందము. మొదటి దానికి 60 మంది వ్రాసి 4 పెట్టెలు కొనిరి. రెండవ దానికి 20 మందే వ్రాసి 8 పెట్టెలు కొనిరి. పెట్టెకు ప్రకటన ఖర్చు మొదటి దానిలో 250, రెండవ దానిలో 125 రూపాయలు. రవాణా పోను, యార్డు ధరకంటె పెట్టెకు 200 రూపాయలు అదనముగా మిగులుచున్నచో, మొదటి దానిలో పెట్టెకు 50 నష్టము. రెండవ దానిలో 75 లాభము. లైకులను, ప్రశ్నలను చూచి మురిసిన రైతు మొదటి దానికే మరింత సొమ్ము పోసి నష్టపడును. ఇంత చిన్న సంఖ్యలతో తుది తీర్మానము చేయరాదు. రెండవ కోతకు మరల పరీక్షించి చూడుడు.

మరువరాని విషయములు

1. రోజు ఖర్చుకు హద్దును, ప్రకటనకు ముగింపు తేదీని తప్పక పెట్టుడు.

2. పేర్లు వెదకు సాఫ్ట్‌వేరుకు డబ్బు కట్టుటకు ముందు, యాడ్స్ మేనేజరులో ఉచితముగా దొరకు సూచనలను వాడి చూడుడు.

3. కాల్షియం కార్బైడుతో పండ్లు మాగవేయుట చట్టరీత్యా నిషిద్ధము. "సహజముగా మాగినవి" అని ప్రకటించినచో ఆ మాట నిజమై యుండవలెను.

4. ఆర్డర్లు చూచుకొని కాయ కోయుడు.

ఆసక్తి చూచి నేల ఎన్నుకొందుము. పంట నిర్ణయించునది అమ్మిన పెట్టెల లెక్కయే. ఈ వేసవికి ఒక చిన్న పుస్తకము ఇప్పుడే సిద్ధము చేసికొనుడు.