ఏఐ కోర్సుకు ఫీజు కట్టే ముందు రా ఫైలు తెరిచి చూడండి

వికారాబాద్ జిల్లా మోమిన్‌పేట్, మర్పల్లి వైపు తల్లిదండ్రుల మనసుల్లో ఒక మాట గట్టిగా నాటుకుపోయింది. ఫొటో ఎడిటింగ్ అంతా ఇక ఏఐదేనట, బటన్ నొక్కడం వస్తే చాలట. దీంతో కొందరు ఫొటోగ్రఫీ మీద ప్రాణం పెట్టుకున్న పిల్లలను ‘ఇంక ఆ పనికి విలువేముంది’ అని ఆపేస్తున్నారు. ఇంకొందరు ఇంటర్ తప్పిన కొడుకును హైదరాబాద్ తీసుకుపోయి, మూడు నెలల ‘ఏఐ ఫొటో ఎడిటింగ్’ కోర్సుకు వేలకు వేలు కట్టి వస్తున్నారు. ‘నేర్సుకున్నంక నెలకు యాభై వేలు వస్తయంట గద సార్’ అని అడిగే నాన్నకు నా జవాబు ఒక్కటే. రావు.

ఎందుకు రావో చెప్పాలంటే పని ఎలా జరుగుతుందో చెప్పాలి. కెమెరా ఇచ్చే జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. అదే సెన్సర్ పట్టిన సమాచారాన్ని అలాగే దాచే 14 బిట్ రా (RAW) ఫైలులో 16,384 ఉంటాయి. ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ లైట్ల కింద పెళ్లికూతురి ముఖం ఊదారంగుకు తిరిగినా, తెల్ల పంచె వెలుగుకు మండిపోయినట్టున్నా రా ఫైలులో చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. జేపెగ్‌లో ఆ వివరం అప్పటికే పోయింది. పోయినదాన్ని ఏఐ తిరిగి తేలేదు, ఊహించి గీస్తుంది. తాండూరు బండకు పాలిష్ పడితే మెరుస్తుంది గానీ, పగిలిన బండ పాలిష్‌తో అతుక్కోదు కదా.

ఆ ఊహ ఎక్కడ తప్పుతుందో పెళ్లి ఆల్బమ్‌లోనే కనిపిస్తుంది. మన పల్లెల్లో నాయనమ్మల నుదుటి మీద, చేతుల మీద పచ్చబొట్లుంటాయి. ముఖాలను మెరుగుపరిచే టూల్ వాటిని మచ్చలనుకుని చెరిపేస్తుంది, ముడతలు నున్నగా చేస్తుంది, ఒక్కోసారి రంగు కూడా తేలుస్తుంది. తండా పెళ్లిలో లంబాడీ ఆడవాళ్ల దుస్తుల మీది అద్దాలను పెద్దది చేసి చూడండి. సగం అద్దాలు కరిగిపోయి, దారం పనికి బదులు ఎవరూ కుట్టని గీతలు వచ్చి ఉంటాయి. ఇంటివాళ్లు ఆల్బమ్ తెరిచి ‘ఈమె మా అమ్మలెక్క లేదు’ అంటే స్టూడియోవాళ్లు పేజీ మళ్లీ ప్రింట్ వేయించాల్సిందే. ఆ తేడాను ప్రింట్‌కు ముందే పట్టుకునే కన్ను ఉన్నవాడికే జీతం. ఆ కన్ను రా ఫైళ్ల మీద చేత్తో పని చేస్తేనే వస్తుంది.

ఏఐ పనికిరాదని నేను అనడం లేదు. 2023 ఏప్రిల్‌లో అడోబీ లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ వచ్చింది. రాత్రి బరాత్‌లో హై ఐఎస్‌ఓలో తీసిన గరుకు ఫొటోలను అది నిజంగా బాగు చేస్తుంది. కానీ వచ్చిన కొత్తలో అది రా ఫైళ్ల మీద మాత్రమే పనిచేసేది. జేపెగ్ తప్ప వేరే తెలియని పిల్లవాడికి ఆ టూల్ తలుపే తెరుచుకోలేదు. ఇంకో లెక్క కూడా చూడండి. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫొటోకు నిమిషం పట్టినా, 3,000 ఫొటోల పెళ్లికి 50 గంటలు. అన్నింటికీ వేస్తూ కూర్చుంటే వచ్చే ముహూర్తం దాటిపోతుంది. ఏ నలభై ఫొటోలకు వేయాలో, ఏ స్లైడర్ సగంలో ఆపాలో తేల్చుకోవడమే అసలు పని.

పత్రికల్లోకి పోదామనుకునే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ నాయిస్ తగ్గించడాన్ని ఒప్పుకుంటుంది గానీ, లేని వివరాన్ని చేర్చి ఫొటోను పెద్దది చేసే ఏఐ టూల్స్‌ను ఒప్పుకోదు. తుది దశలో అసలు ఫైళ్లు తెప్పించుకుని పరీక్షిస్తుంది. అమెరికా వీసా ఫొటోల్లోనూ మనిషి రూపు మార్చే డిజిటల్ మార్పులు కుదరవని అక్కడి విదేశాంగ శాఖ స్పష్టంగా చెప్పింది. వికారాబాద్‌లో స్టూడియో పెట్టినా ఈ సంగతి తెలియాలి.

ఇక కోర్సుల సంగతి. నేను చూసినవాటిలో చాలావరకు నేర్పేది ఒక సాఫ్ట్‌వేర్ మెనూ. ఆరు నెలల్లో ఆ మెనూ మారిపోతుంది, పిల్లవాడి చేతిలో సర్టిఫికెట్ మిగులుతుంది. స్టూడియో యజమాని దాన్ని చూడనైనా చూడడు, ‘పది ఫొటోలు చేసి చూపించు’ అంటాడు. కొన్నిచోట్ల దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇస్తారు, దాంతో పాటే వైరస్ వస్తుంది. ఉచిత ఏఐ సైట్లలోకి కస్టమర్ల ఆడపిల్లల ఫొటోలు ఎక్కించమనేవాళ్లూ ఉన్నారు. ఆ ఫొటోలు ఎక్కడ నిలుస్తాయో మన చేతిలో ఉండదు. అలా నేర్పే చోట ఒక్కరోజు కూడా ఉండకండి.

ఇంటర్ పాసైనవారు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీకి ప్రవేశ పరీక్ష రాయవచ్చు. స్తోమత, ఓపిక ఉంటే నేను మొదట చెప్పే దారి అదే. లేనివారికి సదాశివపేట, వికారాబాద్, తాండూరు స్టూడియోల్లో సహాయకుడిగా చేరడం ఏ కోర్సు కన్నా మేలు. లైట్ పట్టుకోవడం దగ్గర నుంచి ఆల్బమ్ డిజైన్ దాకా అక్కడే వస్తుంది. ఆషాఢం, మూఢం వస్తే పనులుండవు, అది ముందే తెలుసుకుని దిగాలి. అప్పు చేసి కొత్త కెమెరా కొనకండి, మొదటి ఏడాది పాతది చాలు.

‘ఆడపిల్లకు ఇదేం పని’ అనే ఇళ్లూ ఉన్నాయి. 1892లోనే రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో స్త్రీల కోసం జెనానా స్టూడియో పెట్టారు, దాన్ని నడిపిందీ స్త్రీయే. ఈరోజు సీమంతానికో, పసుపు ఫంక్షన్‌కో అమ్మాయి ఫొటోగ్రాఫర్ కావాలని అడిగే కుటుంబాలు మన జిల్లాలోనే ఉన్నాయి.

పిల్లలూ, ఈ సెలవుల్లో మీరు చేయాల్సింది చెప్తాను. రా ఫైళ్లు ఎడిట్ చేసే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దింపుకోండి. తెలిసిన స్టూడియోలో అడిగి, ఇంటివాళ్ల అనుమతితో ఒక ఫంక్షన్ రా ఫైళ్లు తెచ్చుకోండి. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, నీడలు చేత్తో సరిచేయండి. ఆ తర్వాతే అదే ఫొటోను మీ కంప్యూటర్‌లోనే నడిచే ఏఐ టూల్‌కిచ్చి, రెండింటినీ పక్కపక్కన వంద శాతం సైజులో పెట్టి కళ్లు, జరీ, వేళ్లు చూడండి. తేడాలు నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ ఫొటోలతో సహా యజమాని దగ్గరికి వెళ్లండి. నాన్నగారూ, మీరు మాత్రం మొదటి ఆరు నెలలు జీతమెంత అని పిల్లలను అడగకండి.