పోటీ ప్రదర్శనలలో హద్దుమీరిన ప్రవర్తన: ప్రయోగశాల నేర్పే పాఠం

"అమ్మా, ఇన్ని కెమెరాలు చూస్తూనే ఉన్నాయి కదా, మరి ఎవరూ ఎందుకు ఆపలేదు?"

2019 నవంబరు 13వ తేదీ రాత్రి, సి.బి.ఎస్. టెలివిజన్‌లో "సర్వైవర్" కార్యక్రమం చూస్తూ, అప్పటికి పన్నెండేళ్ళున్న మా అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆనాడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. నా వృత్తి రసాయన శాస్త్ర పరిశోధన. టెలివిజన్ విమర్శ నా రంగం కాదు. అయితే ఆలోచించిన కొద్దీ, ఆ ప్రశ్నకు సమాధానం మేము ప్రయోగశాలలలో నిత్యం పాటించే పద్ధతులలోనూ, మానవ ప్రవర్తనను గురించి శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలనలలోనూ ఉన్నదని నాకు తోచింది. అమెరికాలో పిల్లలను పెంచుతున్న మన తెలుగు కుటుంబాలకు ఉపయోగపడవచ్చుననే ఉద్దేశంతో ఆ విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

మూతపెట్టిన పాత్ర

"సర్వైవర్" అమెరికాలో 2000 మే 31న ప్రారంభమైనది. ఒకరికొకరు పరిచయం లేని కొందరిని ఒక దీవికి చేర్చి, తక్కువ తిండితో, తక్కువ నిద్రతో, బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉంచుతారు. వారు ఓట్లు వేసుకొని ఒక్కొక్కరినే బయటకు పంపుతారు. చివరకు గెలిచినవారికి పది లక్షల డాలర్లు. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన "బిగ్ బ్రదర్" కూడా ఇదే కోవకు చెందినది. దాని భారతీయ రూపమైన "బిగ్ బాస్" 2017లో స్టార్ మా ద్వారా తెలుగులోకి వచ్చి, సముద్రాలు దాటి మన ఇళ్ళకూ చేరింది.

రసాయన శాస్త్రం చదివినవారికి ఈ ఏర్పాటు చూడగానే మూతపెట్టిన పాత్ర గుర్తుకు వస్తుంది. లోపలి పదార్థాలు బయటకు పోలేవు. వేడి, ఒత్తిడి క్రమంగా పెరుగుతాయి. అటువంటి పాత్రను వాడేటప్పుడు మేము మొదట చేసే పని, ఏ ఒత్తిడి వద్ద ఆపివేయాలో ముందుగా నిర్ణయించి, ఆ హద్దు దాటగానే తనంతట తానే తెరుచుకొనే కవాటాన్ని అమర్చడం. ఒత్తిడిని చూపే మీటరు ఒక్కటే చాలదు. మీటరు చూపుతుంది, కాపాడేది కవాటం. మా అమ్మాయి ప్రశ్నకు సమాధానం స్థూలంగా ఇదే. కెమెరా మీటరు వంటిది. ఆ దీవిలో మీటర్లు ఎన్నో ఉన్నాయి, కవాటం లేదు.

2019లో జరిగినది

ఫిజీ దీవులలో చిత్రీకరించిన 39వ పర్యాయంలో ఇరవై మంది పోటీదారులు ఉన్నారు. వారిలో కెల్లీ కిమ్ అనే యువతి, డాన్ స్పిలో అనే పోటీదారు తనను అవసరం లేకుండా తాకుతున్నాడని మొదటి రోజులలోనే అతనితో నేరుగా చెప్పింది. అయినా అది ఆగలేదని తరువాత కెమెరా ఎదుట కన్నీళ్ళతో చెప్పుకొన్నది. సాధారణంగా ఈ కార్యక్రమంలో నిర్మాతల గొంతు వినిపించదు. ఆ రోజు మాత్రం కెమెరా వెనుక నుండి ఒక నిర్మాత మాట్లాడి, అవసరమైతే తాము కలుగజేసుకుంటామని ఆమెకు చెప్పవలసి వచ్చింది.

నిర్మాతలు పోటీదారులందరితో కలిపి, విడివిడిగా కూడా మాట్లాడారు. స్పిలోకు హెచ్చరిక ఇచ్చారు. ఆట కొనసాగింది. ఆ నవంబరు 13 ప్రసారంలోనే ఓటింగులో బయటకు వెళ్ళినది స్పిలో కాదు, కిమ్. తమకూ అసౌకర్యంగా ఉన్నదని ఆమెతో చెప్పిన తోటి యువతులు ఇద్దరు, ఓటు సమయానికి ఆట లెక్కలకే ప్రాధాన్యమిచ్చారు. ప్రసారం తరువాత వారు బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

డిసెంబరు 11 ప్రసారంలో స్పిలోను నిర్మాతలే ఆట నుండి తొలగించారు. కెమెరాకు అందని మరొక సంఘటనను గురించి ఫిర్యాదు వచ్చిందనీ, అది పోటీదారులకు సంబంధించినది కాదనీ తెరపై ప్రకటించారు. ఆ కార్యక్రమ చరిత్రలో నిర్మాతలు ఒక పోటీదారును ఈ విధంగా పంపివేయడం అదే మొదటిసారి. డిసెంబరు 18న ప్రసారమైన ముగింపులో వ్యాఖ్యాత జెఫ్ ప్రోబ్స్ట్ కిమ్‌కు క్షమాపణ చెప్పాడు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. కెమెరాల ముందు చేసిన ఫిర్యాదుకు హెచ్చరిక. కెమెరాలు లేనిచోట నుండి వచ్చిన ఫిర్యాదుకు తొలగింపు. కాబట్టి లోపం చూపులో లేదు. మరి ఎక్కడ ఉన్నది? మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటి కారణం: నలుగురి ముఖాలు

నేను విద్యార్థినిగా ఉన్న రోజులలో ఒకనాడు ప్రయోగశాలలో ఘాటైన వాసన వచ్చింది. అక్కడ ఆరుగురం ఉన్నాము. ప్రతి ఒక్కరమూ తల ఎత్తి మిగిలినవారి ముఖాలు చూశాము. ఎవరూ కంగారు పడడం లేదు కనుక ప్రమాదమేమీ లేదనుకొని మళ్ళీ పనిలో పడ్డాము. కొన్ని నిమిషాల తరువాత బయటి నుండి వచ్చిన మా ఆచార్యులు గుమ్మంలోనే ఆగి, అందరినీ బయటకు పొమ్మన్నారు. ద్రావకం ఉన్న సీసా ఒకటి పగిలి కారుతున్నది. ఆరుగురికీ ముక్కు పని చేసింది. ఒక్కరికీ నోరు రాలేదు.

బిబ్ లటానే, జాన్ డార్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1968లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఇటువంటిదే. ఒక గదిలో విద్యార్థులను కూర్చోబెట్టి, ప్రశ్నావళి నింపుతుండగా గోడలోని రంధ్రం గుండా పొగ పంపారు. ఒంటరిగా ఉన్నవారిలో నూటికి 75 మంది బయటకు వచ్చి చెప్పారు. పక్కన ఏమీ పట్టనట్లు నటించే ఇద్దరు ఉన్నప్పుడు మాత్రం, పదిమందిలో ఒక్కరే చెప్పారు. మిగిలినవారు కళ్ళు నులుముకుంటూ, దగ్గుతూ రాస్తూనే ఉండిపోయారు.

మన భాషలో "నలుగురూ ఏమనుకుంటారో" అనే మాట ఉన్నది కదా. ఆ నలుగురిలో ప్రతి ఒక్కరూ మిగిలిన ముగ్గురి ముఖాలు చూస్తూ ఉంటారని ఈ ప్రయోగం నిరూపించింది. దీవిలోనూ ఇదే జరిగింది. చుట్టూ ఉన్న చిత్రీకరణ సిబ్బంది మౌనం కూడా పోటీదారులకు "ఇది మామూలే" అన్న సంకేతాన్ని ఇచ్చి ఉంటుంది.

రెండవ కారణం: ఫిర్యాదుకు పడే ఖర్చు

ఒక రసాయన చర్య జరగడం అన్ని విధాలా సహజమే అయినా, మొదట కొంత శక్తిని వెచ్చించనిదే అది మొదలు కాదు. దానినే ఉత్తేజన శక్తి అంటాము. కాగితానికీ గాలిలోని ఆమ్లజనికీ మంట అంటుకొనే స్వభావం ఉన్నా, బల్లపై పుస్తకం దానంతట అది మండదు. అగ్గిపుల్ల కావాలి.

ఫిర్యాదుకూ ఇటువంటి అడ్డుగోడ ఉన్నది. ఓట్లతో నడిచే ఆటలో అది మరీ ఎత్తైనది. ఫిర్యాదు చేసిన వ్యక్తిని మిగిలినవారు "గొడవ మనిషి" అనుకోవచ్చు, "ఇది ఒక ఎత్తుగడ" అనీ అనుకోవచ్చు. ఏది అనుకున్నా పోయేది పది లక్షల డాలర్ల అవకాశం. అనగా తప్పు ఒకరిది, ఖర్చు మరొకరిది. 2004లో ఇదే కార్యక్రమంలో, నగ్నంగా ఉన్న తోటి పోటీదారు తనకు తగిలిన సంఘటన తరువాత సూ హాక్ అనే పోటీదారు తానే ఆట విడిచి వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళ తరువాత కూడా మూల్యం చెల్లించినది బాధితురాలే.

దీనితో పోల్చి "బిగ్ బ్రదర్" అమెరికా రూపంలో జరిగిన రెండు ఘటనలు చూడండి. 2001లో ఒక పోటీదారు తోటి యువతి గొంతుపై కత్తి ఉంచినందుకు, 2023లో మరొకరు జాతిని కించపరిచే పదం వాడినందుకు తొలగింపబడ్డారు. అక్కడ నిర్ణయం త్వరగా జరిగింది. కత్తి కంటికి కనిపిస్తుంది, పదం చెవికి వినిపిస్తుంది. ఎవరూ అడ్డుగోడ ఎక్కి ఫిర్యాదు చేయనవసరం లేదు. కాని అక్కరలేని స్పర్శ ఎంత బాధించినదో కెమెరాకు తెలియదు. అది తాకబడిన మనిషి నోట రావలసినదే. అందుచేత ఆమె నోరు తెరవడం సులభం చేయడమే అసలైన రక్షణ.

మూడవ కారణం: ప్రయోగం నడిపేవారే తీర్పరులు కావడం

1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ జింబార్డో కృత్రిమ కారాగార ప్రయోగం నిర్వహించాడు. దానిలో జైలు అధికారి పాత్ర కూడా ఆయనదే. రెండు వారాలు అనుకొన్నది ఆరు రోజులలో ఆగిపోయింది. ఆగడానికి ప్రధాన కారణం, చూడడానికి బయటి నుండి వచ్చిన క్రిస్టినా మాస్లాక్ గట్టిగా అభ్యంతరం చెప్పడం. ఆ ప్రయోగ ఫలితాలను ఇటీవలి పరిశోధకులు తీవ్రంగా ప్రశ్నించారు. అయితే నిర్వాహకుడే పాత్రధారి అయితే ఎక్కడ ఆపాలో అతనికి తెలియదన్న పాఠం మాత్రం నిలిచింది.

విశ్వవిద్యాలయాలలో మనుషులపై చేసే పరిశోధనలకు 1974 చట్టం, 1979 బెల్మాంట్ నివేదిక నియమాలు ఏర్పరిచాయి. వేరే సంఘం ముందుగా పరిశీలించి అనుమతించాలి. పాల్గొనేవారు ఎప్పుడైనా నష్టం లేకుండా తప్పుకోవచ్చు. వినోద కార్యక్రమాలు పరిశోధనలు కావు కనుక ఈ నియమాల పరిధిలోకి రావు. అక్కడ ఉత్కంఠ పెరిగితే లాభపడే నిర్మాతలే, ఆటను ఎప్పుడు ఆపాలో కూడా నిర్ణయిస్తారు.

కవాటం అమర్చడం

2019 డిసెంబరులో సి.బి.ఎస్. కొత్త నియమాలు ప్రకటించింది. చిత్రీకరణ స్థలంలో రహస్యంగా ఫిర్యాదులు స్వీకరించే ఒక నిపుణుని నియామకం. పోటీదారులకు, సిబ్బందికి ముందుగా శిక్షణ. అన్నింటికంటే ముఖ్యమైనది, ఇష్టంలేని స్పర్శ, లైంగిక వేధింపు ఆటలో భాగంగా అనుమతింపబడవనే స్పష్టమైన నియమం.

ఇవి మూడు కారణాలకూ మందులే. ముందుగా చెప్పిన హద్దు ఉంటే, నలుగురి ముఖాలు చూడనవసరం లేదు. ఫిర్యాదు రహస్యంగా ఆట బయటకు వెళితే, ఓటుతో దానికి సంబంధం తెగి ఖర్చు తగ్గుతుంది. ఉత్ప్రేరకం చేసే పని ఇదే. అది చర్యను బలవంతంగా జరిపించదు. అడ్డుగోడ తక్కువగా ఉన్న మరొక దారి చూపుతుంది. ఇక మూడవ కారణానికి మందు సగమే పడింది. వినేవారు వేరైనా, తీర్పు చెప్పేది ఇంకా నిర్వాహకులే.

మన ఇళ్ళలో

మన పిల్లలు దీవులకు వెళ్ళకపోవచ్చు. కాని వేసవి శిబిరాలకు, నృత్య బృందాలకు, చర్చా పోటీలకు, కళాశాల వసతి గృహాలకు వెళతారు. రేపు ప్రయోగశాలలలోనూ, కార్యాలయాలలోనూ పని చేస్తారు. మన సంఘాలే వందలాది పిల్లలతో పోటీలు నిర్వహిస్తున్నాయి. అక్కడ హద్దు ఏమిటో మొదటి రోజే చెబుతున్నామా? నిర్వాహకులతో సంబంధం లేని ఒక పెద్దమనిషి పేరు పిల్లలకు తెలుసా? చెప్పిన బిడ్డ పాత్రను, స్థానాన్ని పోగొట్టుకోదని హామీ ఉన్నదా?

ఇంటిలో ఉన్న అడ్డుగోడ ఇంకా పెద్దది. "సర్దుకుపోవాలి", "ఇంత చిన్న విషయానికా" అనే మాటలు మంచి ఉద్దేశంతోనే అంటాము. బిడ్డకు మాత్రం అవి, చెబితే ఖర్చు తనదేననే పాఠంగా చేరుతాయి. బిడ్డ చెప్పినప్పుడు మొదట వినాలి, ప్రశ్నలు తరువాత.

మా అమ్మాయి ఇప్పుడు కళాశాలలో చదువుతున్నది. వెళ్ళేముందు, ఆనాటి ప్రశ్నకు ఆలస్యంగా నా సమాధానం చెప్పాను: "కెమెరాలు చూశాయమ్మా. ఆపడం కెమెరాల పని కాదు, మనుషుల పని. నీకు జరిగితే నాకు చెప్పు. పక్కవారికి జరిగితే, నలుగురి ముఖాలూ చూడకుండా నువ్వే ముందు నోరు తెరువు."

ఆ రోజు ఆ ఘాటు వాసన మధ్య నేను చేయలేకపోయిన పని అదే.